మాడుకొండ మీద కుర్చీ

అన్నం మాడిన గిన్నెను ఎవరో విసుగెత్తి సముద్రంలో బోర్లించి పోయినట్టు ఉంటుంది ఆ దీవి. నడుమ నల్లటి కొండ, దాని చుట్టూ ఉప్పు పేరుకున్న తెల్లటి నేల, ఆపైన నీళ్లు. అబుదాబి పడమటి తీరంలో లాంచీ ఎక్కి, పొద్దున తిన్నది బయటికొచ్చేదాకా ఊగితే అప్పుడు కనబడుతుంది. అరబ్బులు దానికి పెట్టుకున్న పేరు ఒకటుంది గానీ, అక్కడ రాళ్ల క్రషర్‌లో పనిచేసే మనవాళ్లలో ఒక్కడికీ ఆ పేరు నోరు తిరగలేదు. చూడగానే మాడుకొండ అన్నారు. అదే నిలిచింది.

అది చల్లారిపోయిన అగ్నిపర్వతమని చెప్పుకుంటారు. నిజానికి అది బతికున్న రోజుల్లో అక్కడ లేనే లేదు. యాభై కోట్ల ఏళ్ల కిందట ఎక్కడో లోతున కక్కిన నిప్పు అక్కడే గడ్డకట్టి, మట్టి కింద పూడిపోయి, ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంది. దాని పక్కనే ఉప్పు పొర. పైన మట్టి బరువు పెరిగేకొద్దీ ఆ ఉప్పు నలిగి నలిగి, సందు దొరికిన చోట పైకి పొంగింది. పొంగుతూ పొంగుతూ అడ్డొచ్చిన నల్లరాళ్లను నెత్తిన పెట్టుకొచ్చి సముద్రం బయట పడేసింది. మోసుకొచ్చిన కూలీ ఉప్పు, పేరు మాత్రం నిప్పుది. గల్ఫులో ఏ మేడను చూసినా ఇదే కథ కాబట్టి కొండను తప్పుపట్టనక్కర్లేదు.

ఇక మనుషుల సంగతి. పూర్వం ఎర్రమట్టి కోసం వచ్చినవాళ్లు పడవలకు రంగు పూసుకోవడానికి కొండ పాదమంతా తవ్వుకుపోయారు. గంధకం కోసం వచ్చినవాళ్లు నడుములో బొక్కలు పెట్టి పోయారు. ఎప్పుడైనా వాన పడితే ఆ బొక్కల్లోంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ముత్యాలు వెతికేవాళ్లు వేసవికి వచ్చి, ఉప్పునీళ్ల బావి ఒకటి తవ్వి, ఆ నీళ్లే గతిలేక తాగి, గుల్లలు కుప్పపోసి వెళ్లిపోయారు. వచ్చినవాడల్లా కొండను గోక్కుపోయినవాడే. ఇక్కడ ఒక ఇల్లు కట్టుకుందామని ఎవడికీ బుద్ధి పుట్టలేదు. ఆ వరసలో 2004లో క్రషర్ దిగింది. క్రషర్‌తో పాటు త్రిమూర్తులు దిగాడు.

త్రిమూర్తులుది రాజోలు దగ్గర ఒక లంక. పని దగ్గర ఒళ్లు వంగని మనిషి. రైసుమిల్లులో చేరి ఊక దుమ్ము పడలేదని మానేశాడు. షామియానాల వాళ్ల దగ్గర చేరి, పెళ్లి భోజనాలు అయ్యేదాకా అందరికంటే ముందుండి, గుంజలు పీకే వేళకు మాయమయ్యేవాడు. లారీ క్లీనరుగా వెళ్లి, లారీ తుడవమన్నారని అలిగి వచ్చేశాడు. భార్య మంగాదేవి, ఇద్దరు పిల్లలు ఎవరిదో పెంకుటింటి వసారాలో అద్దెకుండేవాళ్లు. ఇంటాయన కోడిపెట్టలు కూడా ఆ వసారాలోనే ఉండేవి, అద్దె లేకుండా. ఇలాంటివాణ్ని చూడలేక ఊరంతా తలో మాట సాయం చేసి 2002లో దుబాయ్ పంపించింది.

దుబాయ్ అన్నమాటే గానీ అతను దుబాయ్ చూసింది లేదు. రెండేళ్లు జెబెల్ అలీలో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ, క్యాంపు, కంపెనీ బస్సు. బస్సు కిటికీలోంచి దూరంగా మేడలు కనబడేవి. అవి మేడలో, అద్దం మీద మరకలో తేల్చుకునేలోపు నిద్రపోయేవాడు. ఆ తర్వాత వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీలు, అతన్ని మాడుకొండకు తోలాడు. దీవి అంచున అలలకు అడ్డుగట్టు వేయాలి, దానికి బరువైన నల్లరాయి కావాలి. కొండను పేల్చి, క్రషర్‌లో పోసి, సముద్రంలో దింపడం. అంతే పని.

పేల్చే రోజుల్లో శిఖరం మీద ఎర్రజెండా పట్టుకుని ఒకడు నిలబడాలి. ఆ పని త్రిమూర్తులుకు ఇచ్చారు. కింద ఏ పనిలో పెట్టినా అతను కనబడేవాడు కాదు, పైన నిలబెడితే కనీసం కనబడతాడని ఫోర్‌మన్ ఖాదర్ హుస్సేన్ లెక్క. ఖాదర్ హుస్సేన్‌ది రాయచోటి వైపు. గడ్డం నెరిసిన మనిషి, ఎవణ్ని మెచ్చుకున్నా మర్నాడు పని చెడగొడతాడని గట్టిగా నమ్మినవాడు.

జెండా పట్టుకుని నిలబడటానికి కూడా బద్ధకమేసి, త్రిమూర్తులు ఒకరోజు జెండాను రాళ్ల మధ్య గుచ్చి, పక్కన కూర్చుని, ఊరికే ఉండలేక రాయి మీద రాయి పేర్చాడు. పెద్దది కింద, చిన్నది పైన, మధ్యలో గులకరాయి. భోజనం తెచ్చిన హన్మంతు దాన్ని చూశాడు. హన్మంతుది జగిత్యాల.

"ఏందే అది? పిల్లలాట ఆడుతున్నవా?"

"తిరపతి మెట్లదారిలో చూళ్లేదేటి? రాయి మీద రాయి పెడితే సొంతిల్లు అవుద్ది."

"అక్కడంటే దేవుడుండె. ఈడెవడున్నడు?"

"కొండుంది కదా. కొండుంటే చాలు, ఆయనే వత్తాడు."

హన్మంతు నవ్వాడు. నవ్వి, అన్నం డబ్బా కింద పెట్టి, అటూ ఇటూ చూసి తనూ ఒకటి పేర్చాడు. ఆ వచ్చే శుక్రవారానికి క్యాంపులో తెలుగువాళ్లంతా కొండెక్కారు. అద్దె గదులవాళ్లు, అత్తారింట్లో ఉంటున్నవాళ్లు, అన్నదమ్ముల పంపకంలో గోడ మాత్రమే వాటా వచ్చినవాళ్లు. ఒకడు రెండు అంతస్తులు లేపితే పక్కవాడు మూడు లేపాడు. ఒరిస్సావాళ్లకు సంగతి తెలిసి వాళ్లూ పేర్చారు. రెండేళ్లలో శిఖరం మీద ఒక పెద్ద ఊరు వెలిసింది. ఊరన్నాక ఉండాల్సిన తగాదాలు కూడా వచ్చాయి. నా గోడ మీదికి నీ అరుగొచ్చిందని ఇద్దరు కొట్టుకున్నారు కూడా.

మాడుకొండ మీద మనిషి ఇల్లు కట్టిన చరిత్ర అంతవరకే. మొదలు 2004. మూలపురుషుడు త్రిమూర్తులు.

2006లో పేల్చడం ఆగిపోయింది. దీవి మీద ఖరీదైన హోటలు వస్తోందట. హోటలుకు సముద్రం ఉంది, ఎండ ఉంది, చరిత్ర లేదు. చరిత్ర లేకపోతే గది అద్దె పెంచలేరు. అందుకని ఒక యూరపు డాక్టరును పిలిపించారు. రోగాల డాక్టరు కాదు, పాత రాళ్లకు వైద్యం చేసే డాక్టరు. పేరు హెల్మర్. టోపీ, మోకాళ్ల దాకా నిక్కరు, మెడలో రెండు జతల కళ్లద్దాలు. ఆయన వెంట కంపెనీ ఇంజనీరు శ్యాంప్రసాద్. ఇతనిది విజయవాడ. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు పెదాలు తప్ప ముఖంలో ఇంకేదీ కదిలేది కాదు.

డాక్టరు శిఖరం ఎక్కి, రాళ్ల పేర్పులు చూసి, ఉన్నచోట మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. పక్కనే ముత్యాలవాళ్లు పోసిన గుల్లల కుప్ప ఉంది, పగిలిన కుండపెంకు ఉంది. ఇంకేం కావాలి? చల్లారిన అగ్నిపర్వతం మీద ప్రాచీన నావికులు తమ మృతుల కోసం నిలిపిన గుర్తులు అని ఆయన తేల్చేశాడు. అంత చదువుకు ఈమాత్రం తేల్చడానికి ఒక పూట కూడా పట్టలేదు.

శ్యాంప్రసాద్ అది కూలీలకు హిందీలో చెబుతుంటే, జెండా పక్కన నిలబడ్డ త్రిమూర్తులు విని కిసుక్కుమన్నాడు. శ్యాంప్రసాద్ అతని చెయ్యి పట్టుకుని బండ చాటుకు లాక్కెళ్లాడు.

"ఎందుకు నవ్వావ్?"

"అయ్యి మాయేనండి బాబూ. ఇళ్లు. అదుగో, ఆ మూలది నాది."

శ్యాంప్రసాద్ ఒకసారి పేర్పుల వైపు చూశాడు. అతనూ చిన్నప్పుడు మెట్లదారిలో నడిచినవాడే. ముఖంలో మొదటిసారి పెదాలు కాకుండా ఇంకేదో కదిలింది. అంతలోనే సర్దుకున్నాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరడిగారండి?"

"అడిగినా చెప్పకు. ఇక్కడ కాపలా మనిషి కావాలి. నువ్వుండు. ఎండలో నిలబడక్కర్లేదు. కుర్చీ ఇప్పిస్తాను."

కుర్చీ అన్న మాట త్రిమూర్తులు చెవికి వేదంలా వినబడింది. పుట్టి ముప్పై ఎనిమిదేళ్లయినా, ఏ పనిలోనూ ఎవరూ అతన్ని కూర్చోమనలేదు. చేతులున్న తెల్ల ప్లాస్టిక్ కుర్చీ, మీద నీలం గొడుగు, పక్కన నీళ్ల జగ్గు. క్రషర్ దీవి అవతలికి, సున్నపురాయి ఉన్న చోటికి మారింది. తోటివాళ్లు అక్కడ తెల్లటి దుమ్ము మింగుతుంటే, త్రిమూర్తులు మాడుకొండ నెత్తిన కాళ్లు చాపుకుని, అడ్డుకంచె లోపల ఒక్కో పేర్పుకూ డాక్టరు పాతిన నంబరు రేకులను చూస్తూ కూర్చున్నాడు. పని ఒక్కటే. ఎవరూ లోపలికి రాకూడదు, ఏ రాయీ కదలకూడదు, కొత్తది చేరకూడదు. పనిచేయకపోవడమే పనిగా ఉన్న ఉద్యోగం. ప్రపంచంలో ఇంతకంటే తగినవాడికి ఇంతకంటే తగిన పని దొరికి ఉండదు.

ఖాదర్ హుస్సేన్ అతనికి కుర్చీ నవాబు అని పేరు పెట్టాడు. త్రిమూర్తులు దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు. శుక్రవారం ఫోన్లో మంగాదేవికి కోతలు కోసేవాడు.

"నిప్పుకొండ మీద డ్యూటీ ఏశారే. కింద లావా కుతకుతా ఉడుకుతా ఉంటది. నేను లేకపోతే దీవి దీవంతా పోద్ది."

 అవతల మంగాదేవి భయంగా అడిగింది.

"మరి చెప్పులేసుకుంటన్నారా?"

అలా ఏడాదికి పైగా సుఖంగా గడిచింది. 2007 చివర్లో వీరమ్మ వచ్చింది.

ఇంజనీర్ల గెస్ట్‌హౌస్‌లో వంటకూ శుభ్రానికీ తెచ్చిన మనిషి. అమలాపురం పక్కన ఊరు. నలభై దాటింది. అంతకుముందు అబుదాబి పక్కన బనియాస్‌లో ఒక ఇంట్లో పనిచేసింది. ఇంకా అంతకుముందు ఊళ్లో పదిహేనేళ్లు తాపీమేస్త్రీల కింద ఇసుకా సిమెంటూ మోసింది. ఊళ్లో లేచిన ప్రతి డాబాకూ ఆమె నెత్తి మీది తట్ట సాక్ష్యం. ఆమె మాత్రం బావగారి పశువుల పాక చివర పరదా కట్టుకుని ఉండేది. కొండ సంగతి హన్మంతు చెప్పగా విని, మొదటి శుక్రవారమే పైకొచ్చింది. హన్మంతు ఆ వారమే ఇంటికి వెళ్లిపోయాడు.

"లోపలికి రాకూడదక్కా," అన్నాడు త్రిమూర్తులు, కుర్చీలోంచి లేవకుండా. "ఇది ప్రాచీనం."

"ఏటి ప్రాచీనం, నీ మొహం! ఆ మూలది నువ్వెట్టిందేనంట కదా?"

"నెమ్మదిగా మాట్లాడక్కా. కావాలంటే కంచె బయట కట్టుకో. బోల్డంత జాగా."

"ఊళ్లో కట్టుకుంటారు గానీ ఊరవతల కడతారేట్రా? అక్కడైతే మళ్లా పాకే వత్తది."

త్రిమూర్తులు ససేమిరా అన్నాడు. వీరమ్మ వెళ్లిపోయింది. వారం పాటు కొండెక్కలేదు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం చేపల వేపుడు గిన్నె పైకి రావడం మొదలైంది. త్రిమూర్తులు మాటకు లొంగని మనిషే గానీ కడుపుకు లొంగని మనిషి కాదు. ఒక శుక్రవారం తిన్నది అరిగేదాకా కుర్చీలో కునుకు తీశాడు. లేచి చూసేసరికి కంచె లోపల, అన్నింటికీ మధ్యలో వీరమ్మ ఇల్లు లేచి ఉంది.

మిగతావాళ్లు పేర్చినవి రాళ్లు. ఈమె పేర్చింది ఇల్లు. అడుగున వెడల్పాటి బండలు పరిచి, మీద చదునైనవి అతుకు మీద అతుకు పడకుండా, ఇటుక గోడలా కూర్చి, రెండంతస్తులు లేపి, పక్కన అరుగు పెట్టి, వెనక వంటిల్లు కూడా దించింది. గాలికి ఒక్క రాయి కదలదు.

"వంటిల్లు కూడానా!" అని గుండె బాదుకున్నాడు త్రిమూర్తులు.

"మరి గాలి తిని బతుకుతానా?" అని గిన్నె తీసుకుని ఆమె దిగిపోయింది.

ఆ సాయంత్రమే శ్యాంప్రసాద్ కబురు పంపాడు. డాక్టరు మళ్లీ వస్తున్నాడు. హోటలు ముదీర్, అంటే మేనేజరు, అతనూ వస్తున్నాడు. మర్నాడే. నంబరు లేని పేర్పు ఒక్కటి కనబడినా కాపలా మనిషి క్రషర్‌కు పోతాడు.

 కొత్తదాన్ని కూల్చేస్తే సరిపోతుంది, ఒక్క తన్ను చాలు. కానీ ఆ తన్నే అతనికి రాలేదు. అతను దేవుణ్ని నమ్మింది అంతంతమాత్రం, పెద్దల మాట నమ్మింది అసలే లేదు. పేర్చిన ఇంటిని కూల్చినవాడు సొంతింటి గడప తొక్కడన్న మాట మాత్రం ఎముకల్లో ఉంది. వీరమ్మ దగ్గరికి పరిగెత్తి, నువ్వే తీసెయ్యక్కా అని బతిమాలాడు. "నా చేత్తో నా ఇల్లు నేను కూల్చుకోవాలా? పోరా," అని ఆమె తలుపేసుకుంది. అక్కణ్నించి ఖాదర్ హుస్సేన్ దగ్గరికి వెళ్లాడు.

"భాయ్, ఒక్క సాయం. ఆ రాళ్లు కాస్త తన్నెయ్యవా? మీకీ పట్టింపులుండవు కదా."

ఖాదర్ హుస్సేన్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏందిరా నవాబూ, పట్టింపు లేకపోతే నీ పాపం తెచ్చి నా నెత్తిన రుద్దుతావా? ఏం తెలివిరా నీది! మీకైతే ఇల్లు, మాకైతే రాళ్లా?"

"అది కాదు భాయ్..."

"ఎవురిల్లు వాళ్లే కూల్చుకోవాల. వేరేవాళ్లు ముట్టుకోకూడదు. ఖలాస్. పో."

రాయచోటి మనిషికి ఈ నియమాలన్నీ ఎలా తెలుసని త్రిమూర్తులుకు తెల్లారేదాకా అనుమానం రాలేదు. అనుమానం రావడానికి కూడా కొంచెం కష్టపడాలి.

చివరికి అతని బుర్ర అతనికి తగిన దారే చూపింది. మెస్సులో ఖాళీ నూనె డబ్బా కత్తిరించి, రేకు చేసి, నల్ల రంగుతో చివరి నంబరు తర్వాతి నంబరు వేసి, వీరమ్మ ఇంటి ముందు పాతాడు. వెనకవైపు పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ అలాగే ఉండిపోయింది. దాన్ని లోపలివైపుకు తిప్పి, తన తెలివికి తానే మురిసి, కుర్చీలో కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. డాక్టరు, తెల్లటి అరబ్బు అంగీ, కందూరా, వేసుకున్న ముదీర్, శ్యాంప్రసాద్. వెనక పలుగూ పారా పట్టుకుని ఖాదర్ హుస్సేన్, ఇద్దరు కూలీలు. అందరికంటే వెనక టీ ఫ్లాస్కుతో వీరమ్మ. డాక్టరు పేర్పుల మధ్య నడుస్తూ నడుస్తూ మధ్యకొచ్చి ఆగాడు. వంగి చూశాడు. రెండో కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఇది పోయినసారి నా కంట ఎలా పడలేదు?" అన్నాడట. శ్యాంప్రసాద్ ముదీర్‌కు హిందీలో చెబుతుంటే అందరూ విన్నారు. "అన్నింట్లోకీ ఇదే గొప్పది. ఇది నాయకుడి సమాధి. ఈ పక్కది కానుకలు పెట్టే అర."

కానుకల అర అంటే వంటిల్లు. వీరమ్మ ఫ్లాస్కు మూత బిగించి పట్టుకుంది.

డాక్టరు చేతులు రుద్దుకున్నాడు. పాత రాళ్ల వైద్యంలో కోతకు మించిన మందు లేదు. సమాధి అంటే విప్పి చూడాల్సిందే. ముందు దీన్ని విప్పుదామన్నాడు. రాయి వెనక రాయి, జాగ్రత్తగా, చేత్తో. శ్యాంప్రసాద్ కూలీల వైపు చూసి, మళ్లీ కాపలా మనిషి వైపు చూశాడు.

"త్రిమూర్తులూ, నువ్వు తియ్. నీకు అలవాటే కదా. పైరాయి నుంచి."

త్రిమూర్తులు ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. నోరు మూసుకుని ఆ రాయి దించితే కుర్చీ ఉంటుంది. నోరు తెరిస్తే పోతుంది. అతని చెయ్యి పైరాయి దాకా వెళ్లి ఆగింది.  వీరమ్మ చూస్తోంది, అంతే.

"సార్, నేను తియ్యనండి," అన్నాడు. "ఇది ఈయమ్మదండి. నిన్న శుక్రారం కట్టింది. అయ్యన్నీ మాయేనండి. ఆయనకి చెప్పండి."

డాక్టరు ఏమంటున్నాడని అడిగాడు. శ్యాంప్రసాద్ పెదాలు కదిపాడు. ఈ స్థలమంటే తన జనానికి కూడా చాలా భక్తి అని ఈ కాపలా మనిషి చెబుతున్నాడన్నాడు. డాక్టరు గుండె మీద చెయ్యి పెట్టుకుని త్రిమూర్తులుకు తల వంచాడు.

ఆ తల వంచడంతో త్రిమూర్తులుకు అర్థమైంది, తన మాట అక్కడికి చేరలేదని. నిజం చెబితే తనకెవరైనా దణ్ణం పెడతారా? పుట్టి బుద్ధెరిగాక అలా జరగలేదు. అతనికి రోషం వచ్చింది. ధర్మం కోసం వచ్చిన రోషమని ఎవరూ పొరబడనక్కర్లేదు. ఇంటిని కూల్చే పాపం తన చేతికి తగులుతుందన్న భయం, ఆ భయాన్ని ఇంగ్లీషులో దాచేస్తున్నారన్న ఉక్రోషం, అంతే.

కంచె పక్కన కూర్చున్నాడు. ఒక బండ లాగాడు. దాని మీద చదునురాయి, దాని మీద గులకరాయి, మళ్లీ రాయి. అతని చేతులు అంత వేగంగా కదలడం క్యాంపులో ఎవరూ అంతకుముందు చూడలేదు. అందరూ చూస్తుండగానే నడుమెత్తు పేర్పు లేచింది. పక్కవాటికీ దానికీ తేడా లేదు. లేచి, చేతులు దులుపుకుని, ఒక్కోదాన్నీ వేలితో చూపించాడు.

"ఏ హన్మంతు కా ఘర్. ఏ మేరా ఘర్. ఏ ఒరిస్సావాలా కా. వో ఖాదర్ భాయ్ కా ఘర్."

అందరూ ఖాదర్ హుస్సేన్ వైపు చూశారు. ఆయన గడ్డం నిమురుకుంటూ సముద్రం వైపు తిరిగాడు.

"ఏం చూస్తారప్పా? నాకు మాత్రం ఇల్లు వద్దా?" అన్నాడు, ఎవరికీ కాకుండా.

ఘర్ అంటే ఏమిటో డాక్టరుకు ముదీర్ ఒక్క ముక్కలో చెప్పాడు. డాక్టరు కొత్త పేర్పును చూశాడు, పాతవాటిని చూశాడు. పొద్దుతిరుగుడు పువ్వు రేకు పీకి, తిప్పి చూశాడు.  ఒక జత కళ్లద్దాలు తీసి సంచీలో పెట్టాడు, రెండోవి కూడా తీసి పెట్టాడు, కొండ దిగిపోయాడు. ఆయనకు పోయిందేమీ లేదు. చదువుకున్నవాళ్ల తప్పు కాగితం మీద ఉంటుంది, కాగితం మార్చుకుంటారు. శ్యాంప్రసాద్‌కూ పోయిందేమీ లేదు. నెలలోపు జెబెల్ అలీ ఆఫీసుకు, ఏసీ గదికి బదిలీ అయ్యాడు.

"చరిత్ర లేదా? ఖలాస్," అన్నాడు ముదీర్. "రాయి మంచిదే కదా. యల్లా, మళ్లీ మొదలుపెట్టండి."

హోటలు దీవి అవతలి ఒడ్డుకు జరిగింది. క్రషర్ నల్లకొండకు తిరిగొచ్చింది. నంబరు రేకులు పీకేశారు, కంచె చుట్టేశారు. కుర్చీని క్రషర్ ఆఫీసులో వేసుకున్నారు. త్రిమూర్తులును బెల్టు దగ్గర, దుమ్ము ఎక్కువగా వచ్చేచోట నిలబెట్టారు. సోమవారం శిఖరం మీద పేలుడు మందు పెట్టాలి. ఆ లోపు పేర్పులన్నీ బుల్డోజరుతో నెట్టేయమని హుకుం.

బుల్డోజరు తోలే ఒరిస్సావాడు తాళంచెవి తెచ్చి ఖాదర్ హుస్సేన్ బల్ల మీద పెట్టేశాడు. తన ఇంటి మీదికే తనెలా తోలతానన్నాడు. ఖాదర్ హుస్సేన్ అతన్ని తిట్టలేదు. శుక్రవారం నమాజు అయ్యాక అందరినీ కొండెక్కించాడు.

"ఎవురిది వాళ్లు తీసుకోండి," అన్నాడు. "నెమ్మదిగా. తన్నొద్దు."

ముందు తనే వెళ్లి, తన పేర్పు దగ్గర కూర్చుని, పైరాయి దించి పక్కన పెట్టాడు. మిగతావాళ్లూ కూర్చున్నారు. కొండంతా రాయి రాయికి తగిలే చప్పుడు, మధ్య మధ్య తిట్లు. తిట్లన్నీ ఒక్కడికే.

"కూర్చోమని కుర్చీ ఇస్తే కూర్చోలేకపోయాడు, ఎదవ."

"పుట్టినకాడ్నించీ అబద్ధాలే కదా చెప్పాడు. ఆ ఒక్కరోజూ నిజం ఎందుకు పొడుచుకొచ్చిందంట?"

త్రిమూర్తులు తన ఇల్లు తీసుకుని, రాళ్ల మధ్య తల వంచుకుని నిలబడ్డాడు. అందరూ తమతమవి తీసుకున్నాక కూడా సగం ఊరు అలాగే ఉంది. హన్మంతుది, వీసా అయిపోయి వెళ్లినవాళ్లవి, జబ్బుచేసి పంపేసినవాళ్లవి, ఎవరివో గుర్తులేనివి. వాటిని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఖాదర్ హుస్సేన్ త్రిమూర్తులు వైపు చూశాడు.

"నువ్వు కాపలా కాసినోడివి గదా. వాళ్లు లేరు. నువ్వే తీయాల."

"భాయ్, నా చేత్తోనా? ఇన్నిళ్లా?"

"మరెవురి చేత్తో? క్రషర్ చేత్తోనా?"

త్రిమూర్తులు ఒక్కసారి అందరి ముఖాలూ చూశాడు. ఒక్క ఇంటిని కూల్చలేక నోరు తెరిచినవాడికి ఊరు ఊరంతా వాటా వచ్చింది. హన్మంతు ఇంటి దగ్గర కూర్చుని మొదలుపెట్టాడు. దించిన ప్రతి రాయినీ, గుడ్డు దించినట్టు నేల మీద పెడుతున్నాడు. బద్ధకస్తుడికి ఆ పనిలో తొందర లేదు. ఎండ నెత్తికెక్కింది. ఒక్కొక్కరే దిగిపోయారు. ఎవరూ నీళ్లు ఇవ్వలేదు.

పొద్దువాలే వేళకు మధ్యలో ఒక్కటే మిగిలింది. దాని పక్కన వీరమ్మ కొంగు నడుముకు దోపి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో అతను చూడలేదు.

"నీది నువ్వు తీసుకోలేదేటక్కా?"

"నేనెందుకు తీత్తాను?" అంది. "నువ్వు నోరు మూసుకుంటే నా ఒక్కదానిదే పోయేది. తెరిచి అందరియ్యీ తీసావు. నాది మాత్రం ఎందుకు మిగలాలి? తియ్యి."

"నీ కోసమే కదక్కా చెప్పింది."

"నా కోసమా? నా మొహం చూసి చెప్పు. నీ చేతికి అంటుద్దని కదూ చెప్పావు?"

 త్రిమూర్తులు అబద్ధం కోసం వెతికాడు, దొరకలేదు. వంగి, వంటింటి మీది చదునురాయిని రెండు చేతులా ఎత్తాడు. బరువైన రాయి. అంత బరువు రాయిని ఆమె ఒక్కతే ఎలా ఎక్కించిందో అనుకున్నాడు.

"ఎక్కడ పెట్టమంటావక్కా?"

"నీ నెత్తిన పెట్టుకో," అంది వీరమ్మ. రెండోది తీసేదాకా కదలకుండా అక్కడే నిలబడింది.